పాటల క్యాసెట్‌కు చెప్పిన సలహా డేటా క్యాసెట్‌కు పనికిరాదు

సంపాదకులకు,

పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం పాటలు, ఇంట్లోవాళ్ల గొంతులు దాచుకున్నవాళ్లకు ఉపయోగపడేదే. చిక్కల్లా అందులోని ఒక్క వాక్యంతో వచ్చింది: పాత కంప్యూటర్ ప్రోగ్రాముల క్యాసెట్లకూ ఇదే పద్ధతి అన్నారు. స్పీకర్ దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేయడం, వెనక వినిపించే బుస్సును సాఫ్ట్‌వేర్‌తో తీసేయడం, ఎంపీ3గా దాచడం, ఆ తర్వాత క్యాసెట్ పారేయడం. డేటా క్యాసెట్ విషయంలో ఈ నాలుగూ తప్పే. నాలుగోది మళ్లీ దిద్దుకోవడానికి వీల్లేని తప్పు. సవరణ వేయమని కోరుతూ, అసలు ఏం చేస్తే సరిగ్గా వస్తుందో కూడా రాస్తున్నాను.

ఇంటి కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఫ్లాపీ డ్రైవ్ చాలా ఖరీదు. మామూలు టేప్ రికార్డరే చాలామందికి డిస్కు. 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్‌ను సున్నాలు, ఒకట్ల కోసం ఎవరూ తయారు చేయలేదు కాబట్టి, వాటిని అందులో ఎలా రాయాలన్నది మొదట్లో ఎవరి ఇష్టం వారిది. 1975 నవంబరులో బైట్ అనే కంప్యూటర్ పత్రిక చొరవతో అమెరికాలోని కాన్సాస్ సిటీలో కొందరు కూర్చుని ఒక పద్ధతి ఖాయం చేశారు. సున్నాకు 1200 హెర్ట్జ్ (సెకనుకు 1200 సార్లు ఊగే) అలలు నాలుగు, ఒకటికి 2400 హెర్ట్జ్ అలలు ఎనిమిది. రెండింటికీ పట్టే సమయం సమానం, సెకనుకు 300 బిట్లు (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒక ఒకటి). ఎనిమిది బిట్ల బైటు ముందు ఒక ప్రారంభ బిట్, వెనక రెండు ముగింపు బిట్లు. మొత్తం 11 బిట్లకు ఒక బైటు, అంటే సెకనుకు 27 బైట్లు.

తర్వాత వచ్చినవాళ్లు అదే దారిలో వేగం పెంచారు. 1981 నాటి బీబీసీ మైక్రో అనే ఇంటి కంప్యూటర్ సున్నాకు 1200 హెర్ట్జ్ అల ఒక్కటే, ఒకటికి 2400 హెర్ట్జ్ అలలు రెండే వాడి సెకనుకు 1200 బిట్లు రాసింది. 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ ఇంకో దారి పట్టింది. అందులో బిట్ పొడవే దాని విలువ. సున్నా అయితే సుమారు 0.49 మిల్లీసెకన్ల అల, ఒకటి అయితే సరిగ్గా దానికి రెండింతలు. సున్నాలూ ఒకట్లూ సమంగా ఉంటే సెకనుకు 1360 బిట్ల పైచిలుకు. 48 కిలోబైట్ల మెమరీ నిండాలంటే ఐదు నిమిషాల దాకా పట్టేది అందుకే. కమడోర్ 64 పొట్టి, మధ్యరకం, పొడుగు అని మూడు రకాల అలలు వాడి, జాగ్రత్త కోసం ప్రతి భాగాన్నీ రెండేసి సార్లు రాస్తుంది. అది నెమ్మదికి పేరుపడటానికి ఆ జాగ్రత్తే ఒక కారణం.

మీ దగ్గరున్న క్యాసెట్ ఏ రకమో చెవితో పట్టుకోవచ్చు. ఐదు సెకన్ల నిలకడైన బొంగురు ఈల, క్షణంపాటు గరగర, మళ్లీ రెండు సెకన్ల ఈల, ఆపైన నిమిషాల తరబడి గరగర వినిపిస్తే స్పెక్ట్రమ్. సన్నని ఎత్తైన ఈల, రెండు మూడు సెకన్లకోసారి చిన్న విరామంలాంటి ఈలముక్కతో సాగే గరగర అయితే బీబీసీ మైక్రో కావచ్చు. రెండు వైపులా వినండి. ఒక వైపు ప్రోగ్రాములు, రెండో వైపు పాటలు ఉన్న క్యాసెట్లు కూడా ఉంటాయి. మీద అంటించిన చీటీని నమ్మకండి.

ఇక కొలతల సంగతి. క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. ఆ లెక్కన 2400 హెర్ట్జ్ అల ఒక్కటి టేపు మీద ఆక్రమించే పొడవు దాదాపు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). స్పెక్ట్రమ్ సున్నా 23 మైక్రాన్లు, ఒకటి 46 మైక్రాన్లు. 50 మైక్రాన్ల ధూళి కణం టేపును చదివే హెడ్‌కూ టేపుకూ మధ్య దూరితే పాటలో ఏమీ తెలియదు, స్పెక్ట్రమ్ ప్రోగ్రాములో మాత్రం ఒకటో రెండో బిట్లు పోతాయి. అదే కాన్సాస్ సిటీ పద్ధతిలో ఒక్క బిట్టే 159 మైక్రాన్ల పొడవు, ఎనిమిది అలల్లో రెండు మూడు పోయినా తక్కినవి సాక్ష్యం చెబుతాయి. నెమ్మదిగా రాసిన పాత టేపులు ఇప్పటికీ చదవగలుగుతుంటే, తర్వాత వచ్చిన, ప్రోగ్రామును వేగంగా ఎక్కించే టర్బో లోడర్ల టేపులు మొరాయించడానికి కారణం ఇదే.

హెడ్ వంపు విషయానికి వద్దాం, ఎందుకంటే చదవని క్యాసెట్లలో చాలావాటికి రోగం ఇదే. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ గాడి టేపుకు ఏ కోణంలో ఉందో, ఇప్పుడు వాయించే యంత్రంలోనూ అదే కోణంలో ఉండాలి. దీన్ని అజిముత్ అంటారు. మోనో రికార్డర్ రాసిన గీత వెడల్పు 1.5 మిల్లీమీటర్లు. ఒక్క డిగ్రీ తేడా వస్తే ఆ గీత ఒక అంచుకూ రెండో అంచుకూ మధ్య 26 మైక్రాన్ల వ్యత్యాసం వస్తుంది, అంటే 2400 హెర్ట్జ్ అల మొత్తం పొడవు కన్నా ఎక్కువ. ఆ ఫ్రీక్వెన్సీ దాదాపు అడుగంటిపోతుంది. 1200 బాగానే వినిపిస్తుంది కాబట్టి చెవికి అది కాస్త మందంగా ఉన్న గరగర, అంతే. కంప్యూటర్‌కు మాత్రం ఒకట్లన్నీ మాయం.

స్టీరియో డెక్ (క్యాసెట్ వాయించే యంత్రం) వాడితే ఒకే గీతను ఎడమ, కుడి అని రెండు సన్నని భాగాలుగా చదువుతుంది, ఒక్కోటి 0.6 మిల్లీమీటర్లు. సన్నని గీతకు వంపు బాధ తక్కువ. ఇది మేలే. కానీ ఆ రెండింటినీ కలిపి మోనో చేశారా, మేలంతా పోయినట్టే. రెండు భాగాల నడిమధ్యల దూరం 0.9 మిల్లీమీటర్లు. అర డిగ్రీకి కొంచెం పైగా వంపు ఉంటే చాలు, 2400 హెర్ట్జ్ దగ్గర ఒకటి మరోదానికి సరిగ్గా ఎదురై రెండూ చెల్లుకు చెల్లు అయిపోతాయి. అందుకని రెండు చానెళ్లనూ విడివిడిగా రికార్డు చేసి, చదివేటప్పుడు బాగున్నదాన్ని ఒక్కదాన్నే తీసుకోవాలి. టేపు అంచు నలిగిన క్యాసెట్లలో తరచూ ఒక చానెల్ పూర్తిగా చెడి రెండోది శుభ్రంగా ఉంటుంది.

వంపు సరిచేయడం కష్టమేమీ కాదు. హెడ్‌కు రెండు పక్కలా స్క్రూలుంటాయి, కింద స్ప్రింగు ఉన్నదే తిప్పవలసింది. చాలా డెక్కుల్లో ప్లే నొక్కి ఉన్నప్పుడు దానికి సూటిగా ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. ముందుగా స్క్రూ ఉన్న స్థితిని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. కొస అయస్కాంతం కాని స్క్రూడ్రైవర్ వాడండి. ఈల దగ్గర కాకుండా గరగర నడుస్తున్నప్పుడు, ఇయర్‌ఫోన్లతో వింటూ, అటూ ఇటూ పావు చుట్టు మించకుండా మెల్లగా తిప్పండి. శబ్దం ఎక్కడ అత్యంత పదునుగా, కీచుగా ఉంటుందో అక్కడ ఆపండి. ఎడమ, కుడి చానెళ్ల అలలను కంప్యూటర్ తెర మీద ఒకదాని కింద ఒకటి పెద్దవి చేసి చూస్తే ఇంకా ఖచ్చితం. రెండింటి శిఖరాలూ ఒకే నిలువు గీత మీదికి వచ్చేదాకా సర్దాలి. ఈ సర్దుబాటు ఆ ఒక్క క్యాసెట్‌కే. ఇంకో రికార్డర్‌లో రాసిన క్యాసెట్ పెడితే మళ్లీ మొదటికి. పాటల కోసం వాడే మంచి డెక్ స్క్రూ ఇలా పదేపదే తిప్పుతుంటే అది పాటలకు పనికిరాకుండా పోతుంది కనుక, ఈ పనికి వేరే డెక్ ఒకటి కేటాయించుకోవడం మంచిది.

వాయించే ముందు క్యాసెట్‌ను చూడాలి. టేపు వెనక చిన్న రేకు మీద అంటించిన మెత్త ఊడిపోయి ఉంటే హెడ్‌కు టేపు ఆనదు, శబ్దం ఎక్కుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంకో క్యాసెట్ డొల్లలోకి టేపు మార్చుకోవాలి. అంచుల మీద తెల్లటి బూజు ఉంటే డెక్‌లో పెట్టకండి, అది హెడ్‌కు పట్టి తర్వాతి క్యాసెట్లకూ అంటుకుంటుంది. బూజు లేకపోతే ముందు ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా వేగంగా తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలు విడిపడి టేపు సాఫీగా నడుస్తుంది. హెడ్‌ను ఐసోప్రోపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడవండి, దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా. రబ్బరు రోలర్‌ను సబ్బునీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. 120 నిమిషాల క్యాసెట్ల టేపు 9 మైక్రాన్ల మందమే ఉంటుంది. సాగుతుంది, చుట్టుకుంటుంది. వాటిని ఒకటికి రెండుసార్లు వాయించే అవకాశం ఉంటుందనుకోకండి, మొదటిసారే రికార్డింగ్ నడుస్తూ ఉండాలి.

బుస్సును తగ్గించే డాల్బీ మీట ఆపేయాలి. టోన్ మధ్యలో ఉంచాలి. డెక్ లైన్ అవుట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు తీగ వేయాలి. లైన్ ఇన్ లేకపోతే యూఎస్‌బీ ఆడియో పెట్టె ఒకటి తెచ్చుకోండి, మైక్ సాకెట్‌లో మాత్రం పెట్టకండి. ల్యాప్‌టాప్ మైక్ దారిలోనూ, ఫోన్‌లోనూ మాటలు స్పష్టంగా వినిపించడం కోసం శబ్ద నివారణ పనిచేస్తూ ఉంటుంది. అది ఎలా పనిచేస్తుందంటే, మారకుండా ఒకేలా సాగే శబ్దమేదైనా ఫ్యాన్ చప్పుడో మోటారు రొదో అనుకుని తొక్కేస్తుంది. డేటా బ్లాకు ముందుండే ఈల సరిగ్గా అలాంటిదే. ఐదు సెకన్ల ఈల పూర్తికాకముందే అది సన్నగిల్లి, దాన్ని చూసి వేగం పట్టుకోవలసిన ప్రోగ్రాముకు ఆధారం లేకుండా పోతుంది. మీ వ్యాసంలోని ఫోన్ సలహాపై ప్రధాన అభ్యంతరం ఇది. గదిలో గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వని బిట్ల మీద బిట్లు పడేయడం దీనికి అదనం.

రికార్డింగ్ 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, స్టీరియో, వేవ్ ఫైలు. శిఖరాలు గరిష్ఠ స్థాయికి 6 డెసిబెల్స్ కింద ఉండేలా చూడండి, శబ్దం మరీ ఎక్కువై శిఖరాల నెత్తి తెగితే అల ఎక్కడ సున్నాను దాటిందో తప్పుగా కనబడుతుంది. నిమిషానికి 10 మెగాబైట్ల పైన పడుతుంది, 60 నిమిషాల క్యాసెట్ రెండు వైపులకు 635. కాన్సాస్ సిటీ పద్ధతిలో రాసి ఉంటే అంత టేపులోనూ ఉన్న అసలు డేటా 100 కిలోబైట్లకు మించదు. వృథాగా అనిపిస్తుంది గానీ, ఆ వేవ్ ఫైలే ఇక మీ మూలప్రతి. ఈరోజు చదవని బ్లాకును రేపు ఇంకో ప్రోగ్రామో, ఇంకో అమరికో చదవొచ్చు. స్థలం తగ్గించుకోవాలంటే ఫ్లాక్ అనే ఆడియో ఫైలు రకంలోకి మార్చండి, అందులో ఒక్క బిట్టూ పోదు. ఎంపీ3 చెవికి తెలియని భాగాన్ని పారేసి బరువు తగ్గించుకుంటుంది. డేటాకు కావలసింది అల సున్నాను దాటే క్షణం, ఎంపీ3 కాపాడతానని ఎన్నడూ మాట ఇవ్వనిది దాన్నే. నెమ్మది పద్ధతులు పెద్ద ఎంపీ3 ఫైళ్లలో బతికి బయటపడటం కద్దు. వేగంగా రాసినవి బతకవు.

వేవ్ ఫైలు చేతికి వచ్చాక చదివే పని. కాన్సాస్ సిటీ రకానికి మినిమోడెమ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఒకటికి 2400, సున్నాకు 1200, ముగింపు బిట్లు రెండు, వేగం 300 అని చెబితే చదువుతుంది. స్పెక్ట్రమ్, కమడోర్ టేపులకు వాటి అభిమానులు రాసిన ప్రత్యేక ప్రోగ్రాములున్నాయి. చదవకపోతే వెంటనే అమరికలన్నీ మార్చేయకుండా ఈల వైపు చూడండి. స్పెక్ట్రమ్ ఈల 807 హెర్ట్జ్ ఉండాలి. 830 కనబడితే టేపు 3 శాతం వేగంగా నడుస్తోందని అర్థం, అంతమాత్రం తేడాను ఏ ప్రోగ్రామైనా సర్దుకుంటుంది. ఈల ఎత్తు ఊగుతూ ఉంటే మాత్రం బెల్టు సాగింది, లేదా రోలర్ జారుతోంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో దిద్దడం కన్నా బెల్టు మార్చడం తేలిక. అల మొత్తం సున్నా గీతకు పైకో కిందికో జరిగి ఉంటే అర అలల్లో ఒకటి పొడవుగా, మరొకటి పొట్టిగా కనిపిస్తుంది. ఒక నకలు తీసి, దాని మీద 100 హెర్ట్జ్ కిందివి తీసేసే ఫిల్టర్ వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. కమడోర్ టేపు అయితే ఇంకొకటి చూడాలి. అది అల కిందికి దిగే అంచు నుంచి మళ్లీ దిగే అంచు దాకా కొలుస్తుంది. కొన్ని డెక్కులు అలను తలకిందులు చేసి పంపుతాయి. వినడానికి ఏమాత్రం తేడా ఉండదు, చదివితే అంతా చెత్త. తలకిందులు చేసే మీట నొక్కి మళ్లీ ప్రయత్నించండి.

చదివింది సరైనదేనా అన్నది ఎలా తెలుస్తుంది? ఇందులో అన్ని పద్ధతులూ ఒక్కటి కావు. బీబీసీ మైక్రో ప్రతి 256 బైట్లకు ఒక బ్లాకు చేసి, బైట్ల నుంచి లెక్కకట్టిన 16 బిట్ల సీఆర్‌సీ తనిఖీ సంఖ్య జతచేస్తుంది. తప్పు ఏ బ్లాకులో ఉందో అక్కడికే వెనక్కి తిప్పి చదివితే సరి. స్పెక్ట్రమ్ మొత్తం బ్లాకుకు చివర తనిఖీకి ఒకే ఒక్క బైటు పెడుతుంది, 40 కిలోబైట్లలో ఎక్కడ తప్పు జరిగిందో అది చెప్పలేదు. పైగా ఒకే స్థానంలోని బిట్లు రెండు చోట్ల తారుమారైతే దానికి అసలు తెలియను కూడా తెలియదు. కాన్సాస్ సిటీ ప్రమాణంలో తనిఖీ అన్నదే లేదు, అది అలలు ఎలా ఉండాలో చెప్పి ఊరుకుంది. కాబట్టి అన్నిటికీ వర్తించే జాగ్రత్త ఒకటే. మూడుసార్లు వాయించి మూడు వేవ్ ఫైళ్లు చేయండి, చదివిన ఫలితాలు బైటు బైటు పోల్చండి. తప్పు మూడింటిలోనూ ఒకే చోట పడితే టేపు అక్కడ దెబ్బతింది. ఒక్కోసారి ఒక్కోచోట పడితే టేపు బాగానే ఉంది, డెక్‌ను శుభ్రం చేయండి. రెండో రకంలో మూడింట రెండు ఫైళ్లు ఒప్పుకున్న బైటును తీసుకుంటే చాలావరకు అసలు ఫైలు తిరిగి వస్తుంది.

మీ వ్యాసం చివర, నేటి ఫైళ్లను కూడా క్యాసెట్లలో దాచుకోవచ్చని సరదాగా అన్నారు. సరదాకైతే తప్పకుండా. 1200 బిట్ల వేగంతో, బైటుకు 10 బిట్లు చొప్పున, సెకనుకు 120 బైట్లు. 90 నిమిషాల క్యాసెట్ రెండు వైపులా కలిపి 650 కిలోబైట్ల లోపు, ఒక ఫ్లాపీలో సగం కూడా లేదు. 3 మెగాబైట్ల ఫొటో ఒక్కటి రాయాలంటే ఏడు గంటలు, ఐదు క్యాసెట్లు. రాయదలిస్తే మామూలు ఫెర్రిక్ టేపు, 60 నిమిషాలకు మించనిది తీసుకోండి. మొదటి కొన్ని సెకన్ల టేపుకు అయస్కాంత పూత ఉండదు, దాన్ని దాటాకే మొదలుపెట్టండి. స్థాయిని తనంతట తాను సర్దుకునే రికార్డరైతే ముందు ఐదు సెకన్ల ఈల ఇవ్వండి, లేకపోతే మొదటి బైట్లు వికృతమవుతాయి. ఫైలును 256 బైట్ల ముక్కలుగా, ఒక్కోదానికి తనిఖీ సంఖ్యతో, రెండేసి సార్లు రాయండి. రెండు ప్రతులనూ పక్కపక్కన కాకుండా ఒకటి ఈ వైపు, మరొకటి ఆ వైపు రాయాలి. రాశాక దాని మీద మళ్లీ రికార్డు కాకుండా వెనకనున్న చిన్న పలకలు విరిచేయండి.

డిజిటల్ ఆడియో వచ్చాక ఈ బాధ తీరిందనుకోకూడదు. 1987 నాటి డ్యాట్ (డిజిటల్ ఆడియో టేప్) క్యాసెట్‌ను 1989లో సోనీ, హెచ్‌పీ కలిసి డీడీఎస్ పేరుతో కంప్యూటర్ టేపుగా మార్చినప్పుడు, 60 మీటర్ల టేపులో 1.3 గిగాబైట్లు పట్టింది గానీ, ఆడియోకు ఉన్న తప్పుదిద్దుబాటు చాలక ఇంకో అంచె పైన వేయాల్సి వచ్చింది. సీడీ కథా అంతే. సీడీలోని ఒక్కో 2352 బైట్ల సెక్టార్‌ (ముక్క)లో డేటాకు 2048 ఇచ్చి, మిగతాదాంట్లో 276 బైట్లు అదనపు దిద్దుబాటుకే కేటాయించారు. పాటల యంత్రం తనకు దొరకని శబ్దపు నమూనాను ముందూ వెనకా చూసి ఊహించి నింపుతుంది, వినేవారికి తెలియదు. డేటాలో ఊహించిన బైటు తప్పు బైటే. 1992 నాటి మినీడిస్క్ ఆడియో రికార్డర్ అయితే వచ్చినదాన్ని అట్రాక్ పద్ధతిలో కుదించే రాస్తుంది, దానికి లైన్ ద్వారా డేటా శబ్దం ఇవ్వడం ఎంపీ3కి ఇచ్చినట్టే. పాత క్యాసెట్లకు నకళ్లు మినీడిస్క్‌లో తీసి పెట్టుకున్నవాళ్లు ఉంటే, నకలును కాకుండా మూల క్యాసెట్‌నే మళ్లీ ఎక్కించుకోవాలి.

ఎక్కించిన తర్వాత కూడా క్యాసెట్‌ను ఉంచండి. టేపును ఒక చివరికి పూర్తిగా చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకర్లకు, మోటార్లకు దూరంగా పెట్టండి. వేవ్ ఫైలు పేరులో క్యాసెట్ పేరు, వైపు, ఏ డెక్, ఎడమ చానెలా కుడి చానెలా ఏది బాగా చదివింది అన్నవి రాసుకుంటే, తర్వాత ఆ పని ఎత్తుకునేవాళ్లు స్క్రూ తిప్పడం దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు